టాయిలెట్ బ్లాక్ అయింది, ప్లంబర్ లేకుండా ఇంట్లో ఉన్నవాటితో తీయొచ్చా?

బ్రాడీపేట_స్వాతి
అందరికీ నమస్కారం. గుంటూరు బ్రాడీపేటలో రెండో అంతస్తులో అద్దెకు ఉంటున్నాం. నిన్న సాయంత్రం నుంచి వెస్టర్న్ కమోడ్‌లో నీళ్లు దిగడం లేదు. ఫ్లష్ నొక్కితే అంచుదాకా పైకొచ్చి, చాలాసేపటికి నెమ్మదిగా కిందికి పోతున్నాయి. ఆదివారం కాబట్టి ప్లంబర్ రేపు వస్తానన్నాడు. ఇంట్లో మామయ్యగారికి మోకాళ్ల నొప్పులు, ఆయన ఇండియన్ సీటు మీద కూర్చోలేరు. అందుకే టెన్షన్‌గా ఉంది.

ఇంట్లో ఉన్నవి: విమ్ లిక్విడ్, వంట సోడా, హార్పిక్, బకెట్లు, మాప్ కర్ర. ప్లంజర్ (అడ్డు లాగే రబ్బరు గిన్నె కర్ర) లేదు. అత్తయ్య మరిగే నీళ్లు పొయ్యమంటున్నారు. పక్కింటివాళ్లు హార్డ్‌వేర్ షాపులో యాసిడ్ తెచ్చి పొయ్యమంటున్నారు. ఏది చేయమంటారు?

పైపుల_మేస్త్రి
అమ్మా, ఏదీ పొయ్యకముందు రెండు పనులు చేయండి. కమోడ్ వెనక గోడకున్న యాంగిల్ కాక్, అంటే ఫ్లష్ ట్యాంకుకు నీళ్లు వెళ్లే చిన్న కుళాయి, కట్టేయండి, ఎవరైనా అలవాటుగా ఫ్లష్ నొక్కినా నీళ్లు గది నిండా పారవు. తర్వాత ఇవి చూసి చెప్పండి.

అదే బాత్రూంలో నేల మీద జాలీ కింద నహానీ ట్రాప్ ఉంటుంది. స్నానం నీళ్లు అందులోకి మామూలుగా పోతున్నాయా, లేక అక్కడా నిలుస్తున్నాయా? రెండో బాత్రూం సంగతేంటి? కింద ఇంటివాళ్లకు ఏమైనా ఇబ్బంది ఉందా? కమోడ్‌లో ఏదైనా వస్తువు పడిందా? పిల్లల బొమ్మ, సబ్బు, ఫినాయిల్ మూత లాంటివి.

ఎందుకు అడుగుతున్నానంటే, ఈ ఒక్క కమోడ్‌కే ఇబ్బంది అయితే అడ్డు దాని మెడలోనే ఉంటుంది, ఇంట్లోనే తీయొచ్చు. మిగతా చోట్ల కూడా నీళ్లు నిలుస్తుంటే అడ్డు బయట లైనులోనో, ఛాంబర్‌లోనో (ఇంటి బయట మురుగు లైను మీద మూత ఉన్న గుంత) ఉన్నట్టు. అప్పుడు లోపల ఎంత సోడా పోసినా, ఎంత పొడిచినా దండగ. పైనుంచి పోసిందంతా కింద ఇంటివాళ్ల బాత్రూంలో తేలుతుంది.

బ్రాడీపేట_స్వాతి
కాక్ కట్టేశాను. నహానీ ట్రాప్‌లో నీళ్లు చక్కగా పోతున్నాయి. రెండో బాత్రూం కూడా బాగానే ఉంది. కింది వాళ్లను అడిగాను, వాళ్లకు ఏ ఇబ్బందీ లేదట. వస్తువేదీ పడలేదు గానీ మొన్న ఆడపడుచు, వాళ్ల చంటిబిడ్డ వచ్చి వెళ్లారు. బాబుకు తడి వైప్స్ వాడారు.

పైపుల_మేస్త్రి
అయితే చాలావరకు అవే అయ్యుంటాయి. కంగారు పడకండి, ఇది తీయగలిగిందే.

కమోడ్ లోపల నీళ్లు నిలిచే వంపు ఉంటుంది కదా, దాన్ని ట్రాప్ అంటాం. బయటికెళ్లే పైపు నాలుగు అంగుళాలు, లోపలి వంపు మాత్రం రెండు అంగుళాలకు కాస్త అటూ ఇటూ. అందుకే నూటికి తొంభై బ్లాకులు ఆ వంపులోనే పడతాయి. వైప్స్ నీళ్లలో కరగవు, టిష్యూ కాగితంలా విడిపోవు. చూడ్డానికి కాగితంలా ఉన్నా అందులో ప్లాస్టిక్ నార ఉంటుంది. అది వంపులో చిక్కుకుంటే వెనకొచ్చేదంతా దానికి పట్టుకుంటుంది.

ఇప్పుడు చేయాల్సింది. కమోడ్‌లో నీళ్లు అంచుదాకా ఉంటే గ్లవుజులు వేసుకుని పాత మగ్గుతో సగానికి తోడేసి బకెట్లో పోయండి. విమ్ లిక్విడ్ పావు గ్లాసు నేరుగా రంధ్రంలోకి పడేలా పోయండి. అరగంట అలాగే వదిలేయండి. అది నీళ్లకంటే బరువు, కిందికి దిగి అడ్డుకు జారుడు ఇస్తుంది. ఆలోపు గీజర్ నీళ్లు ఒక బకెట్ పట్టండి. మరిగే నీళ్లు వద్దని అత్తయ్యగారికి చెప్పండి. చల్లటి పింగాణీ మీద సలసల కాగే నీళ్లు పడితే సన్నగా బీట వస్తుంది, ఆ బీటతో కమోడ్ మొత్తం మార్చాల్సి వస్తుంది. పీవీసీ పైపు కూడా 60 డిగ్రీలకు మించిన వేడికి పనికిరాదు, జాయింట్ల దగ్గర వదులవుతుంది. చెయ్యి పెడితే చురుక్కుమనే వేడి చాలు.

అరగంటయ్యాక ఆ నీళ్లు నడుమెత్తు నుంచి అర బకెట్ ఒకేసారి, రంధ్రం మీదికి గురిచూసి వంచండి. కొంచెం కొంచెంగా పోస్తే లాభం లేదు, పడే బరువే పని చేస్తుంది. నీళ్లు పైకొస్తే ఆగి, దిగిన తర్వాత మళ్లీ.

అరండల్‌పేట_సత్యవతి
స్వాతీ, ప్లంజర్ లేకపోతే మాప్ కర్ర చాలమ్మా. మా ఇంట్లో ఎన్నో ఏళ్లుగా ఇదే పద్ధతి.

నూలు పోగుల మాప్ అయితే తల భాగాన్ని ఒక మందపాటి పాలిథిన్ కవరులో పెట్టి, పైన ఇంకో కవరు వేసి, మెడ దగ్గర పురికొసతో బిగించి కట్టు. కవరు లోపల గాలి లేకుండా పిసికి కట్టాలి. లేకపోతే నీళ్లలోకి దిగదు, తేలుతుంది. దాన్ని కమోడ్ రంధ్రంలో నిండుగా సరిపోయేలా పెట్టు. నొక్కడం నెమ్మదిగా, లాగడం గట్టిగా. చాలామంది నొక్కడమే పని అనుకుంటారు. వెనక్కి లాగినప్పుడే అడ్డు కదులుతుంది. ఓ ఇరవై సార్లు ఆపకుండా చేసి చూడు. తల మునిగేంత నీళ్లు కమోడ్‌లో ఉండాలి, ఎండిన కమోడ్‌లో చేస్తే గాలి నొక్కినట్టే, బలం అందదు.

పక్కన నేల మీద పాత గోనెసంచి పరుచుకో. చీర కుచ్చిళ్లు పైకి దోపుకో, మీదకు చిమ్ముతుంది. కళ్లజోడు ఉంటే పెట్టుకో.

కెమిస్ట్రీ_లెక్చరర్_జీఎన్టీ
స్వాతి గారు, అన్నిటికంటే ముందు యాసిడ్ మాట మర్చిపోండి. ఎందుకో వివరంగా చెబుతాను. ఈ విషయంలో ఇళ్లలో జరిగే పొరపాటు ప్రాణం మీదికి తెస్తుంది.

హార్పిక్‌లో ఉండేది హైడ్రోక్లోరిక్ ఆమ్లమే, పలుచగా ఉంటుంది. షాపులో అమ్మేది అదే ఆమ్లం, చాలా గాఢంగా. ఇప్పటికే కమోడ్‌లో ఎవరైనా బ్లీచింగ్ పౌడర్ వేసి ఉంటే, దాని మీద ఈ రెండింటిలో ఏది పడినా క్లోరిన్ వాయువు వస్తుంది. తలుపులు మూసిన చిన్న బాత్రూంలో అది ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. ముక్కు మండుతోంది, దగ్గు వస్తోంది అనిపిస్తే ఏదో శుభ్రం చేద్దామని అక్కడే ఉండకుండా వెంటనే బయటికి వచ్చి తలుపు తెరిచిపెట్టాలి.

పైపులు శుభ్రం చేసే పొడులు కొన్ని ఉంటాయి, వాటిలో కాస్టిక్ సోడా ఉంటుంది. అది క్షారం. దానికి యాసిడ్ తగిలితే ఒక్కసారిగా వేడెక్కి పైకి ఎగజిమ్ముతుంది. నిలిచిన నీళ్లలో ఏ రసాయనం పోసినా అది అక్కడే ఉంటుంది. తర్వాత మాప్‌తో పొడిచినా, రేపు ప్లంబర్ వచ్చి చెయ్యి పెట్టినా వాళ్ల మీదే చిందుతుంది. ఎవరైనా ఇప్పటికే ఏదైనా పోసి ఉంటే ఆ సంగతి ప్లంబర్‌కు ముందే చెప్పండి.

పైగా వైప్స్ యాసిడ్‌కు కరగవు. ప్రమాదం మిగులుతుంది, ఫలితం ఉండదు. గాఢ యాసిడ్‌ను చిల్లరగా అమ్మడం మీద సుప్రీంకోర్టు 2013లోనే కట్టడి పెట్టింది. కొనేవాళ్ల గుర్తింపు, ఎందుకు కొంటున్నారో రాసుకోకుండా అమ్మకూడదు.

వంటింటి_చిట్కాలు
వంట సోడా, వెనిగర్ గురించి ఎవరూ చెప్పలేదే? ఒక కప్పు సోడా వేసి, రెండు కప్పుల వెనిగర్ పోసి అరగంట ఉంచితే బ్లాక్ పోతుంది. వెనిగర్ లేకపోతే నిమ్మ ఉప్పు నీళ్లలో కలిపి పోయొచ్చు. నేను మా సింకుకు చేశాను, పని చేసింది.

కెమిస్ట్రీ_లెక్చరర్_జీఎన్టీ
అండీ, సింకు వేరు, టాయిలెట్ వేరు. సింకులో జిడ్డు పొర ఉంటుంది, నురగ దాన్ని కొంచెం వదులు చేస్తుంది. మీరు చెప్పింది అక్కడ నిజమే.

సోడా, వెనిగర్ కలిస్తే కార్బన్ డయాక్సైడ్ బుడగలు వస్తాయి. అవి వచ్చేశాక మిగిలేది దాదాపు ఉప్పునీళ్లే. సోడా ఒంటరిగా ఉంటే క్షారం, వెనిగర్ ఒంటరిగా ఉంటే ఆమ్లం. రెండూ కలిపితే ఒకదాని పని ఒకటి చెడగొట్టుకుంటాయి. పైగా కమోడ్‌లో లీటర్ల కొద్దీ నీళ్లు నిలిచి ఉంటే అందులో పలచబడిపోతాయి. మలం, కాగితం మెత్తగా అడ్డుపడితే ఆ కదలిక కొంత సాయం చేయొచ్చు. వైప్స్‌ను, గుడ్డను ఏమీ చేయలేదు. వాసనకు మాత్రం మంచిది. హాని లేదు కాబట్టి వాడొద్దనను. అయితే నురగ లేచేటప్పుడు కమోడ్‌ను ఏదైనా పెట్టి గట్టిగా మూయకండి, వాయువు పోవడానికి దారి ఉండాలి.

పైపుల_మేస్త్రి
లెక్చరర్ గారు చెప్పింది సరైన మాట. నేను రోజూ వెళ్లే ఇళ్లలో సగం చోట్ల కమోడ్‌లో తెల్లగా సోడా తేలుతూ ఉంటుంది. తీసేది మాత్రం స్ప్రింగే, అంటే పైపులోకి తోసి అడ్డు లాగే పొడవాటి వంగే తీగ.

బ్రాడీపేట_స్వాతి
నీళ్లు దిగాయి! విమ్ పోసి అరగంట ఆగాను. గీజర్ నీళ్లకు కొంచెం కదిలింది, కానీ పూర్తిగా పోలేదు. తర్వాత సత్యవతి గారు చెప్పినట్టు మాప్‌కు కవరు కట్టి మా ఆయన లాగారు. మొదట ఏమీ తెలియలేదు. కాసేపటికి గుడగుడమని శబ్దం వచ్చి నీళ్లు ఒక్కసారిగా కిందికి పోయాయి. వైప్స్ ముద్ద ఒకటి వెనక్కి వచ్చింది, దాన్ని చీపురుపుల్లల కట్టతో తీసి కవరులో వేశాం. ఇప్పుడు ఫ్లష్ చేయొచ్చా?

పైపుల_మేస్త్రి
సంతోషం అమ్మా. ఫ్లష్ చేసే ముందు మగ్గుతో నాలుగైదు సార్లు పోసి చూడండి. ఆ తర్వాత ఒక టిష్యూ కాగితం వేసి అర బకెట్ నీళ్లు వంచండి. అది ఆగకుండా పోతే కాక్ తెరవండి. మిగిలిన వైప్ ముక్క ఇంకా వంపులో ఉంటే ఆ కాగితం దగ్గరే తెలిసిపోతుంది.

తర్వాత ఆ మాప్, మగ్గు, నేల బ్లీచింగ్ నీళ్లతో కడగండి. ఇవాళ హార్పిక్ మాత్రం వేయకండి, రెండూ ఒకే రోజు వద్దు.

లక్ష్మీపురం_రాజా
మేస్త్రి గారు, మాది వేరే సమస్య. కమోడ్‌లో నీళ్లు నిలవవు, పైకి రావు. కానీ ఫ్లష్ నొక్కితే లోపలున్నది ఒక్కసారికి పోదు, రెండు మూడు సార్లు నొక్కాలి. బ్లాక్ అనుకుని స్ప్రింగ్ కూడా వేయించాం, ఏమీ దొరకలేదు. బోరు నీళ్లు వాడతాం.

పైపుల_మేస్త్రి
రాజా గారు, బోరు నీళ్లు అన్నారు కదా, కమోడ్ అంచు కింద చిన్న అద్దం పెట్టి టార్చ్ వేసి చూడండి. అంచు లోపలివైపు చుట్టూ చిన్న చిన్న రంధ్రాలు ఉంటాయి, ఫ్లష్ నీళ్లు వాటిలోంచే దిగుతాయి. గట్టి నీళ్లకు అవి సున్నంతో మూసుకుపోతాయి. సగం రంధ్రాలు మూసుకుంటే ట్యాంకు నిండా నీళ్లున్నా ఊపు ఉండదు.

ఇక్కడ వెనిగర్ నిజంగా పనికొస్తుంది. టిష్యూ కాగితాలను వెనిగర్‌లో తడిపి రాత్రి పడుకునే ముందు అంచు కింద చుట్టూ అంటించి ఉంచండి. పొద్దున తీసి, పాత టూత్‌బ్రష్‌తోనో సన్నటి పుల్లతోనో ఒక్కో రంధ్రం గీకండి. ఇనుప తీగతో గీకితే పింగాణీ మెరుపు పోతుంది, తర్వాత సున్నం ఇంకా తొందరగా పడుతుంది. ఫ్లష్ ట్యాంకు మూత తీసి నీటిమట్టం కూడా చూడండి. ఫ్లోట్ (నీళ్ల మీద తేలే బుడ్డి) కిందికి దిగి ఉంటే సగం నీళ్లే నిండుతాయి.

ఇంకోటి, చిన్న బటన్ మూడు లీటర్లది, పెద్దది ఆరు లీటర్లది. నీళ్లు ఆదా అని ప్రతిసారీ చిన్నదే నొక్కితే మలం పైపు దాకా వెళ్లి అక్కడే ఆగుతుంది. ఆదా చేయాల్సిన చోటు అది కాదు.

సింగ్‌నగర్_బెజవాడ
విజయవాడ సింగ్‌నగర్ నుంచి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు వీధిలో నీళ్లు నడుము దాకా ఉన్నాయి. ఇంట్లోకి గుమ్మం దాటి నీళ్లు రావడానికి ముందే టాయిలెట్‌లోంచి వచ్చాయి. అప్పటి నుంచి గట్టి వాన పడి ఛాంబర్ నిండినా నాకు గుండె దడే. కమోడ్‌లో గుడగుడమని బుడగలు వస్తే అది బ్లాకా, వరద నీళ్లు వెనక్కి తన్నడమా, ఎలా తెలుస్తుంది?

పైపుల_మేస్త్రి
బయటికెళ్లి ఛాంబర్ మూత ఎత్తి చూడడమే అన్నా. ఛాంబర్ నిండి ఉంటే అడ్డు దానికి అవతల, వీధి వైపు. ఛాంబర్ ఖాళీగా ఉండి ఇంట్లో నిలిస్తే అడ్డు ఇంటికీ ఛాంబర్‌కీ మధ్య. ఏ ఇంటికైనా ఇదే మొదటి పరీక్ష. మూత ఎత్తేటప్పుడు మొహం దూరంగా పెట్టండి, సిగరెట్, అగ్గిపుల్ల దగ్గరికి రానివ్వకండి.

వాన లేని రోజు, ఛాంబర్ ఖాళీగా ఉండి, అయినా గుడగుడ వస్తుంటే మేడ మీది గాలి పైపు చూడండి. దాని మీద టోపీ ఊడిపోయి ఆకులు పడడం, పిట్ట గూడు పెట్టడం మామూలే. గాలి ఆడకపోతే నీళ్లు కిందికి దిగేటప్పుడు ట్రాప్‌లోంచి గాలి లాక్కుంటాయి, అదే ఆ శబ్దం.

వరద సమయానికి ఒక్క మాట. వీధి నీళ్లు పెరుగుతున్నాయని తెలియగానే మందపాటి పాలిథిన్ సంచిలో ఇసుక పోసి, మూతి కట్టి, కమోడ్ రంధ్రం మీద దిగ్గొట్టండి. నహానీ ట్రాప్ మీద ఇంకోటి. పూర్తిగా ఆగదు గానీ ఇంట్లోకి మురుగు పొంగే ఊపు తగ్గుతుంది. శాశ్వతంగా కావాలంటే ఛాంబర్‌కు వెళ్లే లైనులో నాన్ రిటర్న్ వాల్వ్ వేయించుకోండి, నీళ్లు బయటికే వెళ్తాయి, తిరిగి రావు. దాన్ని ఏడాదికోసారి తెరిచి కడగాలి, లేకపోతే అదే అడ్డుగా తయారవుతుంది.

పటమట_అసోసియేషన్
మా అపార్ట్‌మెంట్‌లో నేను సెక్రటరీని. అన్ని అంతస్తుల టాయిలెట్లూ ఒకే నిలువు పైపులోకి దిగుతాయి. పైనవాళ్లు వేసింది గ్రౌండ్ ఫ్లోర్ ఆవిడ బాత్రూంలో పొంగుతుంది. ఆవిడకు డెబ్బై ఏళ్లు, ఒంటరిగా ఉంటారు. ఆ రోజు ఆవిడ మోకాళ్ల మీద కూర్చుని మురుగు తుడుచుకోవడం చూశాక మీటింగులో గట్టిగా మాట్లాడాను.

తీసినప్పుడు దొరికినవి చెబుతాను, ప్రతి అపార్ట్‌మెంట్‌లో ఇవే ఉంటాయి: శానిటరీ ప్యాడ్లు, డైపర్లు, షాంపూ ప్యాకెట్లు, ఇయర్ బడ్లు, వెంట్రుకల ఉండలు, పూజ తీసిన పూలు. ప్యాడ్లలో, డైపర్లలో ఉండే పొడి నీళ్లు తగిలితే జెల్లీలా ఉబ్బి పైపును మూసేస్తుంది. అది ఇంటి చిట్కాలకు లొంగదు. ఇప్పుడు ప్రతి ఇంటి బాత్రూంలో మూత ఉన్న చిన్న డబ్బా పెట్టించాం. కూర గిన్నెల అడుగు, మాడిన నూనె టాయిలెట్‌లో వంచడం కూడా మాన్పించాం. టైల్స్ పని జరిగిన ఇంట్లో సిమెంటు నీళ్లు కమోడ్‌లో పోస్తే ఇంతే సంగతులు. అది గట్టిపడితే సీటు పగలగొట్టాల్సిందే.

ఇంకో విషయం నేను తేలిగ్గా వదలను. ఛాంబర్ లోతుగా ఉంటే, సెప్టిక్ ట్యాంకు నిండితే మనిషిని లోపలికి దింపి తీయించే అలవాటు ఇంకా ఉంది. మనుషులతో మురుగు ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం అది నేరం. రక్షణ లేకుండా సీవర్‌లోకి, సెప్టిక్ ట్యాంకులోకి దింపితే మొదటిసారికే రెండేళ్ల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. లోపల హైడ్రోజన్ సల్ఫైడ్, మీథేన్ ఉంటాయి. దిగినవాడు అరిచే లోపే పడిపోతాడు, కాపాడబోయినవాడూ పడిపోతాడు. బండి పిలిపించి మిషన్‌తో లాగించాలి. డబ్బు ఎక్కువ అన్న మెంబరుకు మీటింగులోనే చెప్పాను, ఈ బిల్డింగులో ఎవర్నీ దింపనివ్వను అని.

కొరిటెపాడు_అద్దె_ఇల్లు
అద్దె ఇంట్లో ఇలాంటి ఖర్చు ఎవరిది? మా ఓనర్ గారు వాడేది మీరే కాబట్టి మీరే పెట్టుకోండి అంటున్నారు.

పటమట_అసోసియేషన్
మీ అగ్రిమెంటులో రాసి ఉంటే అదే లెక్క. రాయకపోతే పెద్దమనుషుల పద్ధతి ఒకటుంది. మీరు వేసినదేదో కమోడ్ వంపులో దొరికితే ఖర్చు మీది. పాత పైపు కుంగడం, చెట్టు వేరు దూరడం, సెప్టిక్ ట్యాంకు నిండడం లాంటివి ఓనర్‌వి. అందుకే తీసినప్పుడు అడ్డు ఎక్కడ దొరికిందో, ఏం దొరికిందో ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి. మాట మీద కంటే ఫొటో మీద తొందరగా తేలుతుంది.

అరండల్‌పేట_సత్యవతి
సెప్టిక్ ట్యాంకు అంటే గుర్తొచ్చింది. సెప్టిక్ ట్యాంకు ఉన్నవాళ్లు హార్పిక్, ఫినాయిల్, బ్లీచింగ్ రోజూ ధారపోయకండమ్మా. లోపల మలాన్ని అరిగించేవి సూక్ష్మజీవులే, అవి చచ్చిపోతే ట్యాంకు తొందరగా నిండుతుంది. వారానికోసారి వాడితే చాలు, మిగతా రోజులు బ్రష్, సబ్బు నీళ్లు.

నల్లపాడు_వెంకట్
మేస్త్రి గారు, మాది ఇండియన్ సీటు. ఈ మాప్ పద్ధతి దానికి పనికొస్తుందా? ప్లంజర్ కొనాలంటే ఏది కొనాలి, షాపులో రెండు రకాలు చూపించారు.

పైపుల_మేస్త్రి
పనికొస్తుంది వెంకట్. ఇండియన్ సీటుకు ఇంకా తేలిక, రంధ్రం నేరుగా కనిపిస్తుంది, వంపు కూడా వెడల్పు. కర్ర చివర పాత గుడ్డ చుట్టి, పైన కవరు కట్టి, రంధ్రానికి బిగుతుగా వచ్చేలా చేసుకో. గుడ్డ ఊడి లోపలికి పోకుండా తాడు ముడి కర్ర మీద వేయాలి, గుడ్డ మీద కాదు.

ప్లంజర్‌లో గిన్నెలా బోర్లించినట్టుండేది సింకుకు, నేల జాలీకి. దాని లోపల నుంచి ఇంకో రబ్బరు గొట్టంలా కిందికి పొడుచుకొచ్చి ఉంటే అది కమోడ్‌కు. నీ సీటుకు మొదటి రకమే తీసుకో, అంచు పెద్దదిగా, రబ్బరు మెత్తగా ఉన్నది చూసుకుని. షాపులోనే అరచేతి మీద నొక్కి చూడు, పట్టుకుని లాగితే టప్‌మని రావాలి. గట్టి ప్లాస్టిక్‌వి తీసుకోకు, అంచు ఆనదు, గాలి పోతుంది. వాడేటప్పుడు మొదటిసారి నెమ్మదిగా నొక్కి లోపలి గాలి బయటికి పంపు, లేకపోతే మొహం మీద చిమ్ముతుంది.